లోతైన గుడ్డ సంచి: క్యారెట్‌కు సరే, ఉల్లికి కాదు

పెరటి సాగు కోసం 40 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు ఉన్న మందపాటి గుడ్డ గ్రో బ్యాగులు ఆరు తీసుకుని, రెండు పంటకాలాల పాటు వాటిలో క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి, ఉల్లి పండించాను. ఇంతవరకు కుట్లు ఊడలేదు, పిడులు తెగలేదు, అడుగున నీరు నిలిచి గడ్డ కుళ్ళిన సందర్భమూ లేదు.

ఈ సంచుల అసలు విలువ క్యారెట్‌లోనే తెలిసింది. వేరు కిందికి దిగేటప్పుడు రాయి గానీ గట్టి మట్టిపెళ్ళ గానీ అడ్డుపడినా, మాగని పశువుల ఎరువు తగిలినా క్యారెట్ రెండు మూడు పాయలుగా చీలిపోతుంది. నేలలో వేసినప్పుడు ఏటా నాకు ఎదురైన సమస్య ఇదే. సంచిలో జల్లించిన మట్టి, కొబ్బరి పొట్టు, బాగా మాగిన కంపోస్టు కలిపి నింపడంతో వేర్లు నిటారుగా, నున్నగా దిగాయి. ఎరువు మాత్రం మితంగానే వేయాలి, ఎందుకంటే నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా పెరుగుతుంది కానీ గడ్డ ఊరదు.

సంచులతో ఇచ్చిన సూచనల పత్రం మాత్రం నన్ను బాధపెట్టింది. క్యారెట్‌ను ట్రేలో నారు పోసి తరువాత నాటమని అందులో ఉంది. క్యారెట్‌లో మనం తినేది తల్లివేరునే కాబట్టి, పీకి నాటితే అది వంకర తిరుగుతుంది. ఆ మాట నమ్మి మొదటి పంటలో ఒక సంచి మొత్తం పోగొట్టుకున్నాను. విత్తనాన్ని నేరుగా సంచిలోనే, సెంటీమీటరుకు మించని లోతులో వేయాలి. మొలకెత్తడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, అంతకాలం పైమట్టి ఆరకూడదు. గుడ్డ గుండా గాలి ఆడడం వల్ల సంచి అంచులు త్వరగా పొడిబారతాయి కనుక, మొలకలు కనిపించేవరకు తడి గోనెపట్టా కప్పాను. తరువాత కూడా ఎండగట్టి ఒక్కసారిగా ఎక్కువ నీరు పోస్తే వేర్లు పగులుతాయి.

బీట్‌రూట్‌లో విత్తనంగా కనిపించేది సాధారణంగా కొన్ని విత్తనాల గుత్తి. అందుకే ఒకేచోట వచ్చిన మొలకల్లో బలమైనదాన్ని ఉంచి, మిగిలినవాటిని పీకకుండా కత్తెరతో కత్తిరించాలి. ముల్లంగికి ఏ ఇబ్బందీ రాలేదు.

ఉల్లికి ఈ సంచిని సిఫారసు చేయలేను. దాని వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి 20 సెంటీమీటర్ల లోతు చాలు. పది సెంటీమీటర్ల ఎడంతో నాటితే ఒక సంచిలో పన్నెండుకు మించి పట్టవు, అందుకోసం 37 లీటర్ల మట్టి మిశ్రమం నింపడం వృథా. అంతకంటే పెద్ద లోపం, పత్రంలో పగటి పొడవు ప్రస్తావనే లేకపోవడం. కొన్ని ఉల్లి రకాలకు సుమారు 12 గంటల పగటి వెలుగుతోనే గడ్డ కడుతుంది, మరికొన్నింటికి 14 గంటలకు పైగా కావాలి. మన ప్రాంతపు పగటికి సరిపడని రకం వేస్తే ఎంత మంచి సంచి అయినా ఆకే మిగులుతుంది. ఒక్క సౌకర్యం ఒప్పుకోవాలి: గడ్డ ముదిరి ఆకులు వాలి, నీరు ఆపిన తరువాత వాన వస్తే, ఇద్దరం కలిసి సంచిని వాన తగలని చోటికి జరపగలిగాము.

మళ్ళీ కొంటే క్యారెట్ కోసం ఇవే కొంటాను. ఉల్లికి ఇదే గుడ్డతో వెడల్పైన, లోతు తక్కువ ఉన్న సంచి తయారు చేయమని తయారీదారులకు రాశాను.