రోటెనోన్‌తో నాలుగేళ్లు: పనిచేస్తుంది, కానీ…

సెల్స్‌లో మైటోకాండ్రియా శ్వాసను ఆపేసే రోటెనోన్ అనే విషాన్ని ల్యాబ్‌లో నాలుగేళ్ల నుంచి వాడుతున్నా. మొదటి ఆరు నెలలు మాత్రం డూప్లికేట్ సరుకు అంటగట్టారని తిట్టుకుంటూనే గడిపేశా. శ్వాస గొలుసులో కాంప్లెక్స్ 1 అనే ఎంజైమ్ నుంచి ఎలక్ట్రాన్లు, వాటిని ముందుకు మోసే యూబిక్వినోన్‌కి చేరకుండా ఆపేస్తుంది కదా, ఇంకేం, హెప్‌జీ2 (మనిషి లివర్ క్యాన్సర్) సెల్స్ తెల్లారేసరికి చచ్చుంటాయి అనుకుని 1 మైక్రోమోలార్ వేసి ఇంటికెళ్తే, మర్నాడు అవి హాయిగా ఉన్నాయి, మీడియా (సెల్స్ పెంచే ద్రవం) ఒక్కటే పసుపెక్కింది. తీరా చూస్తే తప్పు నాదే. నేను వాడేది లీటరుకి 4.5 గ్రాముల గ్లూకోజున్న డీఎంఈఎం అనే మీడియా, అంత చక్కెర ముందుంటే శ్వాస ఆగినా గ్లైకోలిసిస్‌తో (ఆక్సిజన్ అక్కర్లేకుండా చక్కెర విరిచి శక్తి తీయడం) నెట్టుకొచ్చేస్తాయి, పైగా లాక్టిక్ యాసిడ్ వదుల్తాయి, ఆ పసుపు అదే. గ్లూకోజ్ తీసి, గ్లైకోలిసిస్‌తో నెట్టుకురావడం కుదరని గెలాక్టోజ్ పెట్టాక అదే డోసుకి ప్లేటు దాదాపు ఖాళీ.

సెల్స్ ఆక్సిజన్ వాడకం కొలిచే సీహార్స్ మెషీన్‌లో అయితే వంక పెట్టను. చివరి ఇంజెక్షన్‌లో, కాంప్లెక్స్ 3ని ఆపే యాంటీమైసిన్ ఏతో కలిపి చెరో 0.5 మైక్రోమోలార్, ఓసీఆర్ (ఆక్సిజన్ వాడకం రేటు) గీత దబ్బున పడిపోతుంది. ఇదొక్కటే వేస్తే చాలదా అని కొత్తలో అడిగా. కాంప్లెక్స్ 2 దారిలో సక్సినేట్ ఎలక్ట్రాన్లు వస్తూనే ఉంటాయి మరి, అందుకే కాంప్లెక్స్ 3 కూడా మూయాలి.

నాకు మండేది ఇంకోచోట. ఇది ట్యూబులిన్‌తో తయారై సెల్ ఆకారాన్ని నిలబెట్టే మైక్రోట్యూబ్యూల్స్‌ని కూడా చెడగొడుతుంది. సెల్స్ గుండ్రంగా అయిపోతే ఏటీపీ (సెల్‌కి శక్తినిచ్చేది) లేక అని నేను కథ అల్లేసి ల్యాబ్ మీటింగ్‌లో స్లైడ్ పెట్టా, మా సీనియర్ అక్క "ట్యూబులిన్ స్టెయిన్ చేశావా?" అంది, అంతే, నోట మాట రాలేదు. మూడు నెలల పని మళ్లీ చేశా. ఇప్పుడు రోటెనోన్‌తో ఏ రిజల్ట్ వచ్చినా కాంప్లెక్స్ 1నే ఆపే వేరే మందు పియరిసిడిన్ ఏతో కూడా వస్తేనే నమ్ముతా.

స్టాక్ (చిక్కటి నిల్వ ద్రావణం) సంగతి. నీళ్లలో కరగదు. 3.94 మిల్లీగ్రాములు 1 మిల్లీలీటర్ డీఎంఎస్ఓ అనే ద్రావకంలో వేస్తే 10 మిల్లీమోలార్. గాలీ వెలుతురూ అస్సలు పడవు, ఓ శుక్రవారం ట్యూబు బెంచి మీద మర్చిపోయి ఊరెళ్లొచ్చేసరికి పసుపు తిరిగింది, పారేశా. చిన్న చిన్న ట్యూబుల్లో పోసి, ఫాయిల్ చుట్టి, మైనస్ 20లో పెట్టుకోండి, ఒకసారి తీసింది మళ్లీ లోపల పెట్టొద్దు. పౌడర్ తూచేటప్పుడు హుడ్, మాస్క్ తప్పనిసరి, డెర్రిస్ వేళ్లలోంచి వచ్చిన సహజ పదార్థమే కదా అని తేలిగ్గా తీసుకోకండి, ఆ వేళ్లు నూరి నీళ్లలో కలిపి చేపలు పట్టేవాళ్లు, ఎలకల్లో పార్కిన్సన్స్ లక్షణాలు తెప్పించడానికి వాడేదీ దీన్నే. నేనైతే చిన్న వయల్ తెప్పించి, అసలు తూచకుండా డీఎంఎస్ఓ నేరుగా అందులోనే పోసేస్తున్నా.