పాతదే గొప్పదని చెప్పి అమ్ముతున్న వైట్ వైన్‌తో జాగ్రత్త

హైదరాబాద్‌లో సావిన్యాన్ బ్లాంక్ (అదే పేరున్న ద్రాక్షతో చేసే వైట్ వైన్) కొనాలనుకునేవారు దయచేసి ఇది చదివాకే దుకాణానికి వెళ్లండి. ఎండకూ వేడికీ పాడైపోయిన సీసాలను ‘పాతది కాబట్టి గొప్పది’ అంటూ పూర్తి ధరకు అంటగడుతున్నారు. నాకూ అలాగే అంటగట్టారు. వెనక్కి తీసుకోమని అడిగితే, లోపం నా నాలుకదే అన్నట్లు మాట్లాడారు.

మాదాపూర్ వైపు ఉన్న పెద్ద దుకాణం అది. దిగుమతి సరుకుకు విడిగా చెక్క అరలు ఉన్నాయి. వైట్ వైన్‌ను మాత్రం పడమటి అద్దానికి ఆనించిన అరలో, నెత్తిన తెల్లని లైట్లు పెట్టి నిలబెట్టారు. కొత్త పంట సరుకు కావాలని అడిగాను. దుకాణం అతను లేదన్నాడు. ఫ్రాన్సులోని బోర్డో నుంచి వచ్చిన సీసా ఒకటి తీసి, దాని మీద 2017 అన్న అంకె చూపించి, ‘వైన్ ఎంత పాతబడితే అంత రుచి సార్, ఇలాంటిది మళ్లీ దొరకదు’ అన్నాడు. పైగా ఫ్రీజర్‌లో పెట్టి, బాగా గడ్డకట్టే చలికి తెచ్చాకే తాగమని సలహా ఇచ్చాడు. ఆ సలహా ఎందుకిచ్చాడో ఇంటికి వచ్చాక అర్థమైంది.

మూత మీది రేకు ఒలిస్తే కార్కు సీసా అంచు కంటే కొంచెం పైకి లేచి ఉంది. దాని పక్కన ఎండిపోయిన జిగట చార. వేడికి లోపలి ద్రవం ఉబ్బి కార్కును నెట్టిందనడానికి అదే సాక్ష్యం. గ్లాసులో పోస్తే లేత ఆకుపచ్చ కలిసిన గడ్డిరంగు ఉండాల్సిన చోట పలుచని టీ డికాక్షన్ రంగు కనిపించింది. చల్లగా ఉన్నంతసేపు పెద్దగా వాసన లేదు. కాస్త వెచ్చబడేసరికి, కోసి వదిలేసిన యాపిల్ ముక్క వాసన, దాని వెనకే ఉడికిన క్యాబేజీ వాసన బయటపడ్డాయి. నాసిక్‌లో చాలాకాలం ఉద్యోగం చేసి వచ్చిన మా బావగారు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ‘ఇందులో ద్రాక్ష ఏదయ్యా?’ అన్నారు.

ఈ రకం ద్రాక్షకు ప్రాణం దాని వాసనే. పచ్చి క్యాప్సికమ్, కోసిన గడ్డి, దోరజామ, పంపరపనస తొక్క వంటి వాసనలు ముక్కుకు తగలగానే నోట్లో నీరూరించే పులుపు రావాలి. ఆ క్యాప్సికమ్ వాసన మెథాక్సీపైరజీన్లు అనే పదార్థాల వల్ల వస్తుంది. పంపరపనస, పాషన్ ఫ్రూట్ వాసనలు థయోల్స్ అనే గంధకపు పదార్థాల వల్ల వస్తాయి. గాలి తగిలినా వేడి తగిలినా మొదట పోయేవి ఈ థయోల్సే. మల్లెమాలను మే నెల మధ్యాహ్నం కారులో వదిలేస్తే ఏమవుతుందో సీసాలోనూ అదే జరుగుతుంది. అందుకే చేసేవారు అంత శ్రద్ధ పెడతారు. నాసిక్‌లో సులా అనే వైన్ సంస్థ 1997లో ఈ తీగలు నాటి, 2000లో తొలి వైన్ తెచ్చింది. అక్కడ కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. రసాన్ని ఉక్కు ట్యాంకుల్లో చల్లగా ఉంచి పులియబెడతారు. అంత కష్టపడి కాపాడిన వాసనను నలభై డిగ్రీల ఎండ కాసే ఊళ్లో అద్దం పక్కన నిలబెట్టి చంపేస్తున్నారంటే నాకు నిజంగా బాధగా ఉంది.

వెలుతురు చేసే చెరుపు ఇంకొకటి. రంగులేని గాజు సీసాలో ఉన్న వైన్ మీద ఎండ గానీ ట్యూబ్‌లైటు కాంతి గానీ పడితే, లోపలి రైబోఫ్లావిన్ (బి2 విటమిన్) చర్య జరిపి గంధకపు వాసనలు పుట్టిస్తుంది. ఆ క్యాబేజీ కంపు అదే. కొద్ది రోజులు చాలు.

మర్నాడు సీసా పట్టుకుని వెళ్లాను. ‘రెడ్ వైన్‌లో పేరున్న క్యాబర్నే సావిన్యాన్‌కూ దీనికీ చుట్టరికం ఉంది సార్, అది నిలవ ఉంటే బాగుంటుంది కదా, ఇదీ అంతే’ అని వాదించాడు. చుట్టరికం నిజమే. క్యాబర్నే ఫ్రాంక్, సావిన్యాన్ బ్లాంక్ కలిసి క్యాబర్నే సావిన్యాన్‌ను పుట్టించాయని కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో డీఎన్ఏ పరీక్షతో తేల్చారు. కానీ రెడ్ వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు. ఆ తొక్కల్లోని టానిన్లు అనే వగరు పదార్థాలు దానికి కాపలా కాస్తాయి. ఇందులో రసాన్ని ముందే తొక్కల నుంచి వేరు చేస్తారు కాబట్టి ఆ కాపలా లేదు. కోత జరిగిన రెండు మూడేళ్లలోపు తాగేయాల్సిన వైన్ ఇది. బోర్డోలోనే పెసాక్-లెయోన్యాన్ వంటి చోట్ల సెమియోన్ అనే మరో తెల్ల ద్రాక్షతో కలిపి, చెక్క పీపాల్లో ఉంచి చేసే ఖరీదైన వైట్ వైన్లు ఏళ్ల తరబడి నిలుస్తాయి. వాటినైనా చల్లని చీకట్లోనే దాచాలి. నాకు అమ్మినది మామూలు బోర్డో. లేబులే ఆ మాట చెబుతోంది.

కొనేముందు పంట సంవత్సరం చూడండి. తర్వాత సీసాను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని రంగు చూడండి. ముదురు పసుపు దాటి గోధుమరంగులోకి దిగితే వదిలేయండి. రంగు గాజైతే ఇది తెలియదు కాబట్టి, మెడ దగ్గర మట్టం తగ్గిందా, రేకు కింద కార్కు ఉబ్బెత్తుగా తగులుతోందా అని వేలితో తడిమి చూడాలి. న్యూజిలాండ్‌లోని మార్ల్‌బరో సీసాలకు ఎక్కువగా మరమూత ఉంటుంది. ఆ మూత కార్కు బాధ తప్పిస్తుంది గానీ, ఎండ నుంచి కాపాడదు. మూత మీది ఎక్సైజ్ హోలోగ్రామ్‌ను చూసి నిశ్చింతగా ఉండకండి. సరుకు అసలుదా నకిలీదా అన్నది తేల్చడానికే అది, ఎలా నిలవ చేశారో దానికి తెలియదు. అర మీది సీసా వద్దని, లోపల చల్లగా ఉంచిన పెట్టెలోంచి తీసివ్వమని అడగండి. ఇవ్వకపోతే ఇంకో దుకాణం చూసుకోండి.

ఇంట్లో ఎనిమిది నుంచి పది డిగ్రీల చల్లదనం చాలు. మొదటి గుక్క తాగాక గ్లాసును కొంతసేపు వదిలి మళ్లీ వాసన చూడండి. మంచి సీసా వెచ్చబడినకొద్దీ ఇంకా పరిమళిస్తుంది. చెడిన సీసా దాచిన కంపంతా అప్పుడే బయటపెడుతుంది.

బిల్లు తప్పకుండా అడిగి తీసుకోండి. సీసా తెరిచే ముందే లేబుల్, మట్టం, మూత ఫొటోలు తీసి ఉంచండి. నా దగ్గర బిల్లూ ఫొటోలూ ఉన్నాయి కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అదే దుకాణంలో అదే అరలో 2017 సీసాలు ఇంకా ఉన్నాయి, ఎవరూ కొనకండి.