దాణా తూచే హాపర్ కాటా: ఏళ్ల తరబడి వాడాక నా మాట

పశువుల దాణాకు సరుకు తూచడానికి లోడ్ సెల్స్ (బరువును పసిగట్టే సెన్సర్లు) మీద నిలబెట్టిన హాపర్ (గరాటు లాంటి పెద్ద తొట్టి) కాటా కొన్నేళ్లుగా వాడుతున్నాను. కెపాసిటీ 500 కిలోలు, డిస్‌ప్లేలో అంకె 200 గ్రాముల చొప్పున మారుతుంది. స్క్రూ కన్వేయర్లు (గొట్టంలో మర తిరుగుతూ సరుకును నెట్టే యంత్రాలు) సరుకు తెచ్చి పోస్తాయి, చెప్పిన బరువు రాగానే వాటంతట అవే ఆగిపోతాయి. బస్తాలు మోసి ప్లాట్‌ఫారం కాటా మీద తూచే పద్ధతితో పోలిస్తే వేగం గురించి మాట్లాడుకోవాల్సిన పనే లేదు. కచ్చితత్వం మాత్రం డబ్బు కట్టగానే వచ్చేది కాదు, మనం రాబట్టుకోవాల్సిందే.

మొదటి చిక్కు కన్వేయర్ ఆగే దగ్గరే. మోటారు ఆగినా, అప్పటికే నోట్లోంచి జారి గాల్లో ఉన్న సరుకు పడుతూనే ఉంటుంది. 200 కిలోల మొక్కజొన్న అడిగితే 202 పడుతుంది. అందుకే ఇండికేటర్‌లో, అంటే బరువు చూపించి కన్వేయర్లను ఆపే పెట్టెలో, రెండు సెట్టింగులు ఉంటాయి: చివర్లో మోటారు స్పీడు తగ్గించేది ఒకటి, పడబోయే బరువును లెక్కేసుకుని కాస్త ముందే ఆపేది ఇంకొకటి. మెషిన్ బిగించినవాళ్లు అన్ని సరుకులకీ చివరి పదో వంతు నెమ్మదిగా పడేలా పెట్టి వెళ్లిపోయారు. అంటే మొక్కజొన్నలో 20 కిలోలు చినుకుల్లా రాలుతుంటే చూస్తూ నిలబడాలి. దాన్ని శాతాల్లోంచి కిలోల్లోకి మార్చి, చివరి 5 కిలోలకే నెమ్మది పెట్టాక బ్యాచ్‌కు పట్టే సమయం బాగా తగ్గింది, తూకం ఏమీ చెడలేదు. ముందే ఆపే బరువు మాత్రం ఒక్కో సరుకుకు విడిగా పెట్టుకోవాలి. తవుడు తేలిక, సోయా చెక్క బరువు. పైగా తేమ పట్టిన తవుడు గడ్డకట్టి ఉన్నట్టుండి ఒక్కసారిగా పడుతుంది. ఆ రోజు ఏ సెట్టింగూ ఆదుకోదు.

ఆ 2 కిలోలు ఎక్కువ పడ్డాయని ఆపి, చేటతో తోడి తీయించేవాళ్లను చూశాను. నా దృష్టిలో అది దండగ పని. 200 కిలోల మొక్కజొన్నలో తేమ 10 శాతం బదులు 14 శాతం ఉంటేనే 8 కిలోల పొడి పదార్థం తగ్గిపోతుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఈ 2 కిలోల కోసం మాత్రం టెన్షన్ పడతారు.

నిజంగా భయపడాల్సింది చిన్న సరుకుల దగ్గర. కాటాలో వచ్చే తేడా ముఖ్యంగా దాని కెపాసిటీని బట్టి ఉంటుంది, మనం వేసే సరుకు ఎంత అన్నదాన్ని బట్టి కాదు. అర కిలో తేడా 200 కిలోల మొక్కజొన్నలో పావు శాతం. 500 కిలోల బ్యాచ్‌లో 5 కిలోలు వేసే ఉప్పులో అదే అర కిలో 10 శాతం. యూరియా అయితే ఇంకా జాగ్రత్త. నెమరు వేసే పెద్ద పశువుల దాణాలో అది 1 శాతం మించకూడదు, మించితే పొట్టలో అమ్మోనియా పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. కోళ్లకూ, చిన్న దూడలకూ అసలు పనికిరాదు. అందుకని ఉప్పు, మినరల్ మిక్చర్, యూరియా, విటమిన్లు హాపర్‌లో వేయను. 5 గ్రాములకు అంకె మారే 30 కిలోల టేబుల్ కాటా మీద, హాపర్ నిండేలోపే తూచి పెట్టుకుంటాం. విటమిన్ల పొడిని ముందు కొన్ని కిలోల తవుడులో కలిపి, ఆ తర్వాతే మిక్సర్‌లో పోస్తాం. కాటాల మొత్తంలో తక్కువ డబ్బు పెట్టింది దీని మీదే, ఎక్కువ పనికొచ్చిందీ ఇదే.

మిక్సర్ తిరుగుతుంటే అంకెలు ఊగుతాయి. చాలామంది వెంటనే ఇండికేటర్‌లో ఫిల్టర్ (అంకె ఊగకుండా సర్దే సెట్టింగు) పెంచేస్తారు. అంకె కుదురుగానే కనిపిస్తుంది, కానీ అసలు బరువు కంటే వెనకబడి నడుస్తుంది. సరుకు వేగంగా పడేటప్పుడు ఆ కాస్త ఆలస్యానికే కిలోలు దాటిపోతాయి. ఊపు ఎక్కడ పుడుతోందో అక్కడే ఆపాలి. మాకు రబ్బరు ప్యాడ్లు వేశాక ఫిల్టర్ తగ్గించుకోగలిగాం.

కన్వేయర్‌కీ హాపర్‌కీ మధ్య ఉండే కాన్వాస్ గొట్టం మీద కూడా ఒక కన్నేయాలి. మొలాసిస్ (చెరకు మడ్డి) తుంపర్లూ దుమ్మూ పట్టి అది అట్టలా బిగుసుకుంటే హాపర్ బరువులో కొంత తనే మోస్తుంది. ఖాళీ హాపర్ సున్నాకి రావడం లేదంటే జీరో బటన్ నొక్కే ముందు ఆ గొట్టాన్ని చేత్తో నలిపి చూడండి, గోడలకి దాణా అంటుకుందేమో లోపలికి తొంగిచూడండి. జీరో నొక్కితే అంకె సరిపోతుంది, అంటుకున్న సరుకు మాత్రం మిక్సర్‌లోకి చేరదు. 20 కిలోల తూకపు రాయిని ఒక్కో లోడ్ సెల్ దగ్గర పెట్టి చూడటం కూడా అలవాటు చేసుకోవాలి. ఒక మూల తేడా చూపిస్తే సాధారణంగా అక్కడ సెల్ కింద దుమ్ము గట్టిపడి ఉంటుంది.

లోటు చెప్పాలంటే, బరువు హద్దు దాటితే బజర్ మోగుతుంది కానీ ఏ సరుకుకు ఎంత దాటిందో మెమరీలో ఉండదు. కొనేవాళ్లు ప్రతి సరుకు బరువూ ప్రింట్ ఇచ్చే ఇండికేటర్ అడగండి. బ్యాచ్‌కు వంద కిలోలే కలుపుకునేవాళ్లకు ఇంత హంగు అక్కర్లేదు, మంచి ప్లాట్‌ఫారం కాటా, పక్కన ఒక టేబుల్ కాటా చాలు.