రెండు మోసగాళ్ల కథల్లో నా ఓటు దేనికంటే

'క్యాచ్ మి ఇఫ్ యూ కెన్' (2002), 'ఐ లవ్ యూ ఫిలిప్ మోరిస్' (2009). రెండిట్లోనూ అమెరికా మోసగాడే హీరో, రెండూ నిజ జీవితాల మీద తీసినవే. స్పీల్‌బర్గ్ తీసిన మొదటిది చాలామంది చూసే ఉంటారు. డికాప్రియో దొంగ చెక్కులు, పైలట్ యూనిఫాం, వెంటపడే టామ్ హాంక్స్. ఎక్కడా బోర్ కొట్టదు. కాకపోతే డికాప్రియో పాత్రకు మూలమైన అసలు మనిషి ఫ్రాంక్ అబగ్నేల్ చెప్పుకున్నవాటిలో చాలా జరగనే లేదని తర్వాత తేలింది.

రెండోది నాకు ప్రాణం. టెక్సస్ మోసగాడు స్టీవెన్ రసెల్‌గా జిమ్ క్యారీ, జైల్లో అతను ప్రేమించే ఫిలిప్‌గా యువాన్ మెక్‌గ్రెగర్. ఒకే గదిలో ఇద్దరూ పాట పెట్టుకుని మెల్లగా డాన్స్ చేస్తుంటారు. బయట గొడవ, గార్డులు వచ్చేస్తున్నారు, అయినా ఒకరినొకరు వదలరు. ఇద్దరు మగవాళ్ల ప్రేమను వెక్కిరించకుండా, ఇంత ముద్దుగా చూపించిన కామెడీలు నేను చాలా తక్కువ చూశాను.

రసెల్ తప్పించుకున్న తీరు కూడా నమ్మలేం. 1996లో ఆకుపచ్చ మార్కర్ల రంగుతో ఖైదీ బట్టలను డాక్టర్ బట్టల్లా మార్చుకుని నడిచి వెళ్లిపోయాడు. 1998లో ఎయిడ్స్‌తో చనిపోయినట్టు నమ్మించాడు. ఆ అబద్ధం విని ఫిలిప్ ఫోన్‌లో ఏడ్చే సీన్‌కు నా గొంతు పట్టేసింది. ప్రేమించినవాణ్ణే మోసం చేసే మనిషిని క్షమించాలా అని ఆ రాత్రంతా ఆలోచించాను.

ఇంట్లో అందరితో కలిసి చూడాలంటే మొదటిదే పెట్టండి. రెండోదాంట్లో పచ్చి సీన్లున్నాయి. ఒక్కరే ఉంటే మాత్రం రెండోదే.