గ్రావెల్ రేసు ప్యాకేజీ తీసుకున్నా: బండి రెడీ, నేను సగం రెడీ

మన దగ్గర గ్రావెల్ అంటే లేఔట్లలో టిప్పర్లతో పోసే ఎర్రమట్టి కదా, అందుకే నేను వచ్చే నెల గ్రావెల్ రేసుకి వెళ్తన్నా అంటే మా నాన్న "ఏటి, లారీలతోనా?" అన్నారు. లారీ కాదు నాన్నా సైకిలే, వేరే రాష్ట్రంలో మట్టి రోడ్ల మీద 100 కిలోమీటర్లు, మొదటిసారి వెళ్తన్నా. దానికోసం వైజాగ్‌లో ఒక షాపులో బండిని, నన్ను కూడా రెడీ చేయించుకున్నా, ఆ అనుభవమే ఇది.

షాపు ఎంవీపీ కాలనీ వెనకాల సందులో ఉంటది. పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి. నడిపేది తండ్రీకొడుకులు. తండ్రి, నేను బాబాయ్ అంటా, పాతకాలం మెకానిక్కు, చిన్నప్పట్నుంచి రిపేర్లే. కొడుకు మాత్రం ఫోన్‌లో "గ్రావెల్ రెడీ ప్యాకేజీ" అని పెట్టాడు, 7,500 రూపాయలు, ఫుల్ సర్వీసు, ట్యూబ్‌లెస్ మార్చడం, బైక్ ఫిట్ (మన ఒంటికి తగ్గట్టు సీటు, హ్యాండిలు సర్దడం), డైట్ చార్టు, అన్నీ కలిపి. సామాన్లకి వేరే డబ్బులు.

నా బండి అల్యూమినియం ఫ్రేము, 11 స్పీడు జీఆర్‌ఎక్స్ (షిమానో వాళ్ళ గ్రావెల్ గేర్లు), రెండేళ్ళయింది కొని. మా ఇల్లు బీచ్ రోడ్డుకి మూడు వీధులవతల, బండి ఉండేది బాల్కనీలో. బాబాయ్ చైను చేత్తో పట్టుకుని చూసి "ఇది సైను కాదు బాబూ, ఉప్పుసేప" అన్నాడు. నవ్వేశాను గాని ఆయన చైను ఎంత సాగిందో కొలిచే గేజీ పెడితే 0.75 శాతం దగ్గర సుబ్బరంగా దిగిపోయింది, 11 స్పీడు చైనుకి 0.5 రాగానే మార్చేయాలట, నేను దాటించేశాను కాబట్టి అది వెనక పళ్ళని కూడా తినేసింది. కొత్త చైను వేసి తొక్కితే చిన్న పళ్ళ మీద జారిపోతంది, సో క్యాసెట్టు (వెనక పళ్ళచక్రాల సెట్టు) కూడా కొత్తది. ముందే చైను మార్చుంటే పోయేదానికి మూడింతలు వదిలింది.

అసలు కథ సీటు పోస్టుది, అంటే సీటు కింద ఉండే గొట్టానిది. ఉప్పుగాలికి, చెమటకి ఫ్రేములో అతుక్కుపోయింది, రెండేళ్ళలో ఒక్కసారి కూడా తియ్యలేదు నేను. ఇంకెవరైనా అయితే సుత్తి తీసుకునేవాళ్ళేమో, ఈయన నూనె పోసి రెండు రోజులు వదిలేసి, మళ్ళీ పోసి, ఇంకో రోజు వదిలేసి, నాలుగో రోజు గుడ్డ చుట్టి మెల్లగా తిప్పి తీశాడు. ఫ్రేముకి గీత పడలేదు. తర్వాత హెడ్‌సెట్, అంటే హ్యాండిలు తిరిగే చోట ఉండే బేరింగులు, విప్పితే కింది బేరింగు పిండి పిండిగా ఉంది, అదీ మార్చాడు. బాటిల్ కేజీ (నీళ్ళ బాటిలు పెట్టే స్టాండు) నట్లు, సీటు క్లాంపు, ప్రతి దానికీ గ్రీజు. "రేసు నీకు ఒక్కరోజు బాబూ, ఉప్పుగాలి రోజూను" అన్నాడు, అక్కడే నాకు ఈయన మీద నమ్మకం కుదిరింది.

టైర్ల గురించి కొంచెం ఎక్కువ రాస్తా, నాకు ఎక్కువ తేడా తెలిసింది అక్కడే. ఇన్నాళ్ళూ 40 ఎంఎం వెడల్పు టైరులో ట్యూబు వేసి 60 పీఎస్ఐ గాలి కొట్టుకుని తిరిగేవాణ్ణి, గట్టిగా ఉంటే స్పీడు అనుకుని. నా బరువు 74 కిలోలు. కొడుకు ట్యూబులు పీకేసి రిమ్ము టేపు వేసి, ఒక్కో టైరులో 80 ఎంఎల్ సీలెంటు (కన్నం పడితే దానంతటదే మూసే ద్రవం) పోసి, ముందు 28, వెనక 31 పెట్టాడు. ఇంత తక్కువా అన్నా. "అన్నా, గట్టి టైరు రాయి మీద ఎగురుద్ది, మెత్తటి టైరు రాయిని మింగుద్ది" అన్నాడు. ఆనందపురం దాటి పద్మనాభం వైపు చెరువు గట్ల మీద తొక్కితే అర్థమైంది, అంతకుముందు పళ్ళు కదిలిపోయే చోట ఇప్పుడు కూర్చునే తొక్కేస్తన్నా. పల్లేరు కాయలు రెండు గుచ్చుకున్నాయి, పీకితే బుస్సుమని తెల్లగా కారి రెండు చుట్లకి ఆగిపోయింది. పాత రోజులైతే గట్టు మీద కూర్చుని ప్యాచీలు వేసుకోవడమే. ఒకటే గుర్తుంచుకోవాలి, మన ఎండలకి సీలెంటు లోపల ఎండిపోతది, రెండు నెలలకోసారి చూసుకోమన్నారు. ఒక ట్యూబు, ప్లగ్గులు (పెద్ద కన్నంలో దోపేవి) అయినా సరే జేబులో ఉండాల్సిందే.

బ్రేకుల దగ్గర నేను తెలివి చూపించబోయాను. బురదలో మెటల్ ప్యాడ్లు ఎక్కువకాలం వస్తాయని ఎక్కడో విని అవి వెయ్యమన్నా. బాబాయ్ రోటరు (ప్యాడ్లు పట్టుకునే డిస్కు) తిప్పి "ఏటి రాసుందో సదువు" అన్నాడు, రెజిన్ ప్యాడ్లు మాత్రమే అని రాసుంది! మెటల్ ప్యాడ్లు వేస్తే ఆ రోటరు అరిగిపోతది. అమ్ముకునే ఛాన్సు ఉండి కూడా కొత్త రోటర్లు అంటగట్టలేదు, రెజిన్ ప్యాడ్లే వేసి ఇంకో జత స్పేరు ఇచ్చాడు.

ఇంకోటి, ఒక వెదురు బద్ద ఇచ్చాడు, జానెడు ఉంటది. ఏంటిది అంటే కొడుకు చెప్పాడు, అమెరికాలో కాన్సాస్‌లో అన్‌బౌండ్ అని పెద్ద గ్రావెల్ రేసు ఉంది కదా, 200 మైళ్ళది, అక్కడ 2023లో మొదట్లోనే బురద వచ్చి చక్రాలు తిరగక బండ్లు భుజాన మోసుకెళ్ళారు, పెయింటు కలిపే చెక్కలతో బురద గోక్కున్నారు. మన ఎర్రమట్టి వాన పడితే అంతకన్నా జిగురు. బద్ద బరువు లేదు, ఖర్చు లేదు, బాగుంది.

ఇక నన్ను రెడీ చెయ్యడం. ఫిట్ కొడుకు బాగా చేశాడు, రెండు గంటలు పట్టింది. గంట తొక్కేసరికి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కేవి, నేను గ్లౌజులు మారుస్తా కూర్చున్నా మూడు జతలు కొని. తీరా చూస్తే సీటు ముక్కు కిందకి వంగి ఉంది, నేను ముందుకి జారిపోయి బరువంతా చేతుల మీద వేస్తన్నా. సీటు సమంగా పెట్టి, 8 ఎంఎం దించి, స్టెమ్ము (హ్యాండిలుని బండికి కలిపే ముక్క) 100 ఎంఎం ది తీసి 80 ది వేశాడు. ఇప్పుడు నాలుగు గంటలైనా తిమ్మిరి లేదు.

డైట్ చార్టు మాత్రం దండగ. చల్లటి దేశం వాళ్ళెవరో రాసింది దించేసి ఇచ్చాడని చూడగానే తెలిసిపోద్ది, గంటకి 500 ఎంఎల్ నీళ్ళు, గంటకి 90 గ్రాముల కార్బ్స్, అన్నీ జెల్లులే. మే నెల ఉక్కలో అర లీటరు నీళ్ళేం సరిపోతాయి బాబూ నాకు? ఒకరోజు పొద్దున్న బరువు చూసుకుని భీమిలి వైపు రెండు గంటలు తొక్కి, లీటరు నీళ్ళు తాగి, వచ్చి మళ్ళీ చూసుకుంటే 1.6 కిలోలు తగ్గా, అంటే గంటకి 1.3 లీటర్లు చెమటలోనే పోయింది. నల్ల జెర్సీ మీద ఉప్పు గీతలు ముగ్గేసినట్టు. ఇక 90 గ్రాములంటారా, అలవాటైన వాళ్ళకి ఓకే, నేను మొదటిరోజే ట్రై చేసి తగరపువలస దగ్గర రోడ్డు పక్కన కక్కుకున్నా. కొడుకుని అడిగితే "అలవాటైపోద్ది అన్నా" అంటాడు, ముందు 40, తర్వాత 50 అని పెంచుకోవాలని చార్టులో ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు నాదే నేను కలుపుకుంటన్నా. అర లీటరు బాటిల్లో 45 గ్రాముల పంచదార, పావు చెంచా ఉప్పు, నిమ్మకాయ. పంచదారలో గ్లూకోజు, ఫ్రక్టోజు రెండూ సగం సగం ఉంటాయి కాబట్టి ఒక్క గ్లూకోజు పొడి కన్నా బాగానే అరుగుతంది. పైన ఖర్జూరాలు, పల్లీ చిక్కీ. అరటిపండు జేబులో పెడితే గుజ్జయిపోద్ది, అది ఇంటి దగ్గరే తినేసి బయలుదేరతా. తొక్కడానికి మూడు గంటల ముందు ఇడ్లీలు, సాంబారు లేకుండా, మా ఆవిడ ఆ సాంబారు లేకపోవడానికే ఎక్కువ బాధపడతంది. గంటకి 60 గ్రాములు దాకా వచ్చా, కడుపు ఏమీ అనట్లేదు.

ఒక మాట మధ్యలో, ప్రాక్టీసుకి మట్టి కావాలని భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లోకి దిగకండి, అది కాపాడాల్సిన చోటు, చక్రాలు పడితే కోసుకుపోద్ది. చెరువు గట్లు, జీడితోటల పక్క దారులు బోలెడున్నాయి.

తిట్లు: మూడు రోజులన్నారు, తొమ్మిది రోజులు పట్టింది. సీటు పోస్టు తప్పు నాదే, దానికి నాలుగు పోనీ, మిగతా రెండు రోజులు బండి షట్టరు వెనకాల ఊరికే ఉంది. అన్నిటికీ గ్రీజు పెట్టారు గాని కింది బాటిల్ కేజీ నట్టు బిగించడం మర్చిపోయారు, బాటిలు గతుకులో ఎగిరి కాలవలో పడింది. వెళ్ళి చెప్తే బాబాయ్ ఏమీ వాదించకుండా కొత్త బాటిల్ ఇచ్చి, ప్రతి నట్టూ నా ఎదురుగా మళ్ళీ చూశాడు. బిల్లు మొత్తం సామాన్లతో 16 వేలు దాటింది, ఆ సామాన్ల డబ్బుల్లో ముప్పావు నేను బాల్కనీలో బండి వదిలేసినందుకే.

నన్నడిగితే ప్యాకేజీ వద్దు, సర్వీసు, ఫిట్ విడివిడిగా అడగండి, ఇస్తాడు, చార్టు డబ్బులు తీసేస్తాడు. సోమవారం సెలవు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా షట్టరు దించేస్తారు. ఫోన్ చెయ్యకండి, ఎత్తడు, ఎందుకు ఎత్తలేదంటే రెండు చేతులూ చూపిస్తాడు, మోచేతి దాకా గ్రీజే.