ఆదరణ కూడికకు పెద్ద అక్షరాల తెలుగు బైబిలు: కొనేముందు, చదివేటప్పుడు

ఏడ్చి అలసిన కళ్లకు చిన్న అక్షరాలు ఆనవు. అందుకే దుఃఖంలో ఉన్న ఇంట్లో ఓదార్పు కోసం జరిపే ఆదరణ కూడికకు పెద్ద అక్షరాల ప్రతే కొనాలి. దుకాణంలోనే విలాపవాక్యములు, అంటే బైబిల్లోని ఏడుపు పాటల గ్రంథం, తెరిచి చూడండి. కాగితం మరీ పలచనైతే వెనక పేజీ సిరా కనబడి వరుస తప్పుతుంది. రిబ్బను లేకపోతే ఒకటి అంటించుకోండి, యిర్మీయాకూ యెహెజ్కేలుకూ మధ్య ఉన్న ఈ ఐదు అధ్యాయాలు వెతకడం కష్టం.

పాత అనువాదం గ్రాంథికం. పెద్దలకు కంఠతా వచ్చిన మాటలు అవే కనుక వాళ్లకు అదే మేలు, పిల్లలకు వాడుకభాష ప్రతి ఇవ్వండి. ఒక లోటు మాత్రం ఈ తెలుగు ప్రతులు తీర్చలేవు. మూలభాష హెబ్రీలో విలాపవాక్యములు 3వ అధ్యాయం అక్షరమాలలోని 22 అక్షరాల వరుసలో, ఒక్కో అక్షరంతో మొదలయ్యే మూడేసి వచనాలుగా, మొత్తం 66 వచనాలు సాగుతుంది. అంత క్రమంగా ఏడ్చిన ఏడుపు అది! తెలుగులో ఆ వరుస కనిపించదు.

కూడికల్లో సాధారణంగా జరిగే పొరపాటు 22, 23 వచనాలతోనే మొదలుపెట్టడం. దేవుడు నమ్మదగినవాడన్న ఆ మాటకు ముందు 20 వచనాల చీకటి ఉంది. దాన్ని దాటవేస్తే, ఏడ్వొద్దని నోరు మూయించినట్టు వినిపిస్తుంది. మొదటి రోజు 1–20 చదివి, కాసేపు మౌనంగా ఉండండి. మర్నాడు 21–33. వాళ్లు అడిగితేనే మిగతాది.

అదీ బరువనిపిస్తే 13వ కీర్తన చాలు. ఆరే వచనాలు: ప్రశ్న, ప్రార్థన, నమ్మిక. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, దాన్ని ఒంటరిగా ఉన్నవారి చేతికిచ్చి వెళ్లిపోకండి, పక్కన కూర్చుని చదవండి.