ఊరి కోనేరు బాగుచేయించే ముందు గోల్కొండ బడీ బావ్లీ చూసి రండి

గోల్కొండ బంజారా దర్వాజా దాటాక, కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలో ఉంది ఈ పెద్ద మెట్లబావి. 2013 వానలకు ఇందులో ఒక భాగం కూలిపోయింది. ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర వారసత్వ శాఖతో కలిసి దాన్ని మళ్లీ నిలబెట్టింది. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. అంతకన్నా నచ్చేది, ఇక్కడి నీళ్లు ఆవరణలోని మొక్కలకు పోవడం. రంగుదీపాలు పెట్టి, బోరునీళ్లు నింపి "బాగుచేశాం" అనే కోనేళ్ల పక్కన పెట్టి చూస్తే తేడా అర్థమవుతుంది.

ముందు గోడలు చూడండి. వాడింది సున్నం, సిమెంటు కాదు. రాతిగోడ వెనక మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఆ తడి సున్నపు అతుకుల్లోంచి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే దారి మూసుకుపోయి, ఉప్పు రాతిలోనే పేరుకుని పొరలు పొరలుగా రాలగొడుతుంది. మామూలుగా ఒక పాలు నానబెట్టిన సున్నానికి మూడు పాళ్లు ఇసుక, ఇటుకపొడి కలిపి డంగు పట్టిస్తారు, అంటే గానుగలో మెత్తగా రుబ్బిస్తారు. పూత ఒక్కోసారి సెంటీమీటరుకు మించకూడదు. తడి గోనెపట్టాలు కప్పి కనీసం వారం ఆరకుండా చూడాలి. ఎండకు గబగబా ఆరితే పగుళ్లిస్తుంది.

మన ఊళ్లలో పని చెడేది చాలాసార్లు తొలిరోజే. రెండు పెద్ద మోటార్లు పెట్టి ఒక్కరోజులో బావి తోడేస్తారు. గోడను ఇటునుంచి ఆనుకున్న నీరు పోతుంది, వెనక నానిన మట్టి బరువు అలాగే ఉంటుంది, గోడ లోపలికి పడుతుంది. రోజుకు అడుగు చొప్పున దించడం మేలు. పూడిక తీయడానికి మనిషిని దించే ముందు గ్యాస్ మీటరుతో గాలి పరీక్ష తప్పనిసరి. గోడలో మొలిచిన రావి మొక్కను పీకితే రాళ్లూ ఊడివస్తాయి, మొదలు కోసి వేరు చంపాలి. విప్పే ప్రతి రాయికీ నంబరు వేసి ఫొటో తీయాలి. అడుగున కాంక్రీటు మాత్రం వేయనివ్వకండి, ఊటలు మూసుకుపోతాయి.

బడీ బావ్లీ నమూనాకు ఒక పరిమితి ఉంది. ఇది ప్రహరీ లోపలి బావి. ఊరి నడుమ కోనేటికి పక్కిళ్ల మురుగే అసలు శత్రువు, దాన్ని మళ్లించకుండా సున్నం ఎంత బాగా పూసినా డబ్బు దండగ. డంగు సున్నం తెలిసిన మేస్త్రీలు కూడా తక్కువ, దొరికేదాకా ఆగడమే మంచిది.

వెళ్తే వానాకాలం చివర ఒకసారి, మే నెలలో ఇంకోసారి వెళ్లండి. నీటిమట్టం ఎన్ని మెట్లు దిగిందో లెక్కపెట్టుకుని రండి.